కరాటేనా, బాక్సింగా, జూడోనా? నిజం కొట్లాటలో ఏది నిలబడుతుంది?

ఓరుగల్లు_శ్రీ
అందరికీ నమస్తే. మా తమ్ముడు ఈ ఏడు ఇంజినీరింగ్‌లో చేరుతున్నాడు, హాస్టల్లో ఉంటాడు. సీనియర్ల గొడవలు, బస్టాండు దగ్గర తాగుబోతుల గొడవలు విని అమ్మకు ఒకటే టెన్షన్. వాడికి ఏదో ఒకటి నేర్పించమని నా వెంట పడింది. మా ఊళ్లో కమ్యూనిటీ హాల్లో కరాటే ఉంది, స్టేడియంలో బాక్సింగ్, జూడో ఉన్నాయి, ఈమధ్య ఒక ఎంఎంఏ (గుద్దు, తన్ను, పట్టు అన్నీ కలిపిన పోరాటం) జిమ్ కూడా వచ్చింది. బెల్టులు, మెడల్స్ మాకు అక్కర్లేదు. ఎవడైనా మీద చెయ్యి వేస్తే వాడు తట్టుకుని బయటపడాలి, అంతే. ఏ స్టైల్ నిజంగా పనికొస్తుంది? సినిమా కబుర్లు మాత్రం వద్దు ప్లీజ్.

పర్పుల్_బెల్ట్
జరిగిన సంగతే చెబుతాను బ్రో. 1993 నవంబర్ 12, అమెరికాలో డెన్వర్. మొట్టమొదటి యూఎఫ్‌సీ, అంటే రకరకాల విద్యలవాళ్లు తలపడే పోటీ. సుమో, బాక్సింగ్, తైక్వాండో, కెన్పో, కిక్‌బాక్సింగ్, సవాట్ అంటూ తలా ఒక విద్యలో తిరిగిన ఎనిమిది మందిని పిలిచి బోనులో వదిలారు. వెయిట్ క్లాసులు లేవు. గెలిచింది ఎవరు? ఎనభై కిలోల బక్కపల్చటి రాయిస్ గ్రేసీ. బ్రెజిలియన్ జుజిత్సు, అంటే నేల మీద పట్టి మెడ, కీళ్లు బిగించే విద్య. ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు, మూడూ కలిపినా ఐదు నిమిషాలు నిండలేదు. ఆ మరుసటి ఏడు డిసెంబర్లో తనకంటే ముప్పై కిలోలకు పైగా బరువున్న రెజ్లర్ డాన్ సెవెర్న్ మీద పడి నొక్కేస్తుంటే, కింద పడుకునే కాళ్లతో అతని మెడ బిగించి ఓటమి ఒప్పించాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?

లెఫ్ట్_హుక్
ఆ పోటీ పెట్టినవాళ్లలో రాయిస్ అన్న రోరియన్ గ్రేసీ కూడా ఉన్నాడని చెప్పలేదేం? ఇంటి విద్యకు ప్రచారం కోసం పెట్టుకున్న పోటీ అది. బాక్సర్ ఆర్ట్ జిమ్మర్సన్ ఒక చేతికి గ్లవ్ తొడుక్కుని, రెండో చెయ్యి ఖాళీగా దిగాడు. కింద పడితే ఏం చెయ్యాలో అతనికి ఎవరూ నేర్పలేదు. రాయిస్ మీదెక్కి కూర్చోగానే చాలించేశాడు. ఇందులో జుజిత్సు గొప్ప సగం, అవతలివాడికి తెలియకపోవడం సగం.

శ్రీ గారూ, మన కుర్రాళ్ల కొట్లాటలు చాలావరకు మొదటి రెండు గుద్దుల్లోనే తేలిపోతాయి. బాక్సింగ్‌లో చేరినవాడికి ముందు వచ్చేది గుద్దు కాదు, ముఖం మీదకి చెయ్యి వస్తుంటే కళ్లు మూసుకోకుండా ఉండటం. గడ్డం దించి, చేతులు ఎత్తి, కాలు కదపడం అలవాటైతే చాలు, పక్కవీధి పోకిరి విసిరే వెడల్పాటి గుద్దు ఏదీ సూటిగా తగలదు. కోచ్‌లకు మన దగ్గర కరువు కూడా లేదు. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ వెళ్లి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయ్యింది. బాక్సర్ హుసాముద్దీన్‌దీ ఆ ఊరే.

డోజో_మావయ్య
బాబూ శ్రీ, పిల్లలకు కరాటే నేర్పుతూ జుట్టు నెరిసినవాణ్ణి, నా మాట కూడా విను. కరాటే అనగానే ఇప్పటి పిల్లలు నవ్వుతున్నారు. లియోటో మచీడా సంగతి చూశారా? వాళ్ల నాన్న షోటోకాన్ కరాటే గురువు. చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో అదే సాధన. 2009లో రషాద్ ఎవాన్స్‌ను పడగొట్టి యూఎఫ్‌సీ టైటిల్ తీసుకున్నాడు. అవతలివాడు కొట్టే దూరంలోకి వచ్చేదాకా ఆగి, వాడు అడుగు వేసిన క్షణంలో లోపలికి దూసుకెళ్లి కొట్టడం, అది కరాటేనే. ఆ దూరం తెలిసినవాడి మీద చెయ్యి పడటం కష్టం.

పర్పుల్_బెల్ట్
మచీడాకు జుజిత్సులోనూ బ్లాక్ బెల్ట్ ఉంది మావయ్యా. సుమో కూడా చేశాడు. ఆ మాట మింగేశారు.

డోజో_మావయ్య
మింగలేదు నాయనా, చెప్పబోతున్నాను. టైపింగ్ నాకు నిదానం.

ఉత్తరాంధ్ర_బుల్లోడు
ఇవన్నీ ఎందుకు, మా వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు ఉండి ఉంటే ఎనిమిది మందినీ ఒకే గుంజకు కట్టేసేవారు. 😄

టోక్యో_గుర్తుందా
కరాటే గురించి మాట్లాడుతూ 2021 ఆగస్టు 7 మర్చిపోతే ఎలా? టోక్యో ఒలింపిక్స్, 75 కిలోలు దాటినవాళ్ల కుమితే (ఇద్దరు తలపడే కరాటే పోటీ) ఫైనల్. సౌదీ కుర్రాడు తారెగ్ హమీదీ 4-1తో ముందున్నాడు. ఇరాన్ వాడు సజ్జాద్ గంజ్‌జాదే మెడ మీద ఒక కిక్ పడింది, మనిషి అక్కడికక్కడే స్పృహ తప్పాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. బంగారు పతకం ఎవరికిచ్చారో తెలుసా? స్ట్రెచర్ మీద ఉన్నవాడికి. అదుపు లేకుండా కొట్టాడని హమీదీని డిస్‌క్వాలిఫై చేశారు. నిజంగా తగిలేలా కొడితే ఓడిపోయే ఆట ఆడినవాడు రోడ్డు మీద ఎలా కొడతాడండీ?

డోజో_మావయ్య
ఆ కిక్ తిన్నవాణ్ణి అడుగు బాబూ, కరాటే పనిచేస్తుందో లేదో. అది రూలు తప్పు, దెబ్బ తప్పు కాదు. పైగా కరాటే అంటే పాయింట్ల ఆట ఒక్కటే కాదు. మాస్ ఒయామా పెట్టిన క్యోకుషిన్‌లో ఒంటి మీద ప్యాడ్ లేకుండా గుద్దుకుంటారు, తొడల మీద తన్నుకుంటారు. చేత్తో ముఖం మీద గుద్దకూడదు, అదే ముఖ్యమైన మినహాయింపు.

లెఫ్ట్_హుక్
ఆ ఒక్కటే పెద్ద చిక్కు మావయ్య గారూ. ముఖం మీద గుద్దు లేకుండా ఏళ్ల తరబడి ప్రాక్టీస్ చేసినవాడు చేతులు ఛాతీ దగ్గరే ఉంచుతాడు, తల ముందుకు పెట్టి నిలబడతాడు. రోడ్డు మీద మొదట వచ్చేది ముఖానికే కదా. ఏ ఆటలో ఏది నిషేధమో ఆ ఆటగాడికి అక్కడే కన్నం. మా బాక్సింగ్‌కూ ఉంది, కాదనను. కాళ్ల గురించి మాకేమీ తెలియదు. 1988లో లాస్ వేగస్‌లో రిక్ రూఫస్ అనే కిక్‌బాక్సర్ మీదకి థాయ్‌లాండ్ నుంచి చాంగ్‌ప్యుక్ వచ్చాడు. మొదటి రౌండులోనే రూఫస్ అతని దవడ విరగ్గొట్టి, రెండుసార్లు పడేశాడు. అయినా చాంగ్‌ప్యుక్ లేచి ప్రతిసారీ తొడ మీదే తన్నాడు. నాలుగో రౌండుకు రూఫస్ నిలబడలేక ఆట ఆపేశారు. నడుము కింద తన్నులు ఉండే ఆట రూఫస్ అంతకుముందు ఆడలేదు. కన్నం అంటే అలా ఉంటుంది.

రాధిక_జూడో
లెఫ్ట్_హుక్ గారి మాటకు ఇంకొంచెం కలుపుతాను. ఈ థ్రెడ్‌లో అందరూ స్టైల్ పేర్లతో కొట్టుకుంటున్నారు, క్లాసులో ఏం చేయిస్తారన్నది ఎవరూ అడగట్లేదు.

1882లో జిగోరో కనో టోక్యోలో కొడోకాన్ పెట్టినప్పుడు చేసిన పని చూడండి. పాత జుజుత్సులో కళ్లు పొడవడం, వేళ్లు విరవడం, గొంతు మీద కొట్టడం అన్నీ ఉండేవి. ప్రమాదకరమైనవన్నీ తీసి కతాలలో పెట్టాడు, అంటే జతగా నిదానంగా చేసుకునే అభ్యాసానికి పరిమితం చేశాడు. మిగిలిన విసుర్లు, పట్లు మాత్రం పూర్తి బలంతో, అవతలివాడు శాయశక్తులా అడ్డుకుంటుంటే చేయాలన్నాడు. దాన్నే రందోరి అంటాం. కొన్నేళ్లకు టోక్యో పోలీసులు పాత జుజుత్సు వాళ్లతో పోటీ పెడితే కొడోకాన్ కుర్రాళ్లదే పైచేయి అయ్యింది. ప్రమాదకరమైన విద్య నేర్చినవాళ్లు దాన్ని ఎవరి మీదా పూర్తిగా వాడి చూడలేదు. కనో శిష్యులు మాత్రం ఒక్క విసురును వందలమంది మొండివాళ్ల మీద ప్రయత్నించి, సగంసార్లు తామే పడి నేర్చుకున్నారు.

బాక్సింగ్, కుస్తీ, జూడో, జుజిత్సు, ముయ్ థాయ్, ఈ అన్నింటిలో ఉన్నదీ చాలా కరాటే క్లాసుల్లో లేనిదీ అదొక్కటే. అవతలివాడు మనకు సహకరించడు. కరాటే చేసేవాళ్లు కూడా రోజూ ఒకరినొకరు గట్టిగా కొట్టుకుంటే వాళ్లూ అంతే గట్టిగా తయారవుతారు. మచీడాది అదే కథ. ఆ ఇంట్లో అన్నదమ్ములందరూ ఒకరి మీద ఒకరు సాధన చేసేవాళ్లే.

డ్రాగన్_99
ఇవన్నీ స్పోర్ట్ మేడమ్. నిజమైన యుద్ధకళలు రింగులోకి రావు. మా సిఫు (కుంగ్‌ఫూ గురువు) దగ్గర నేర్చేవి ప్రాణం తీసే టెక్నిక్స్. కళ్లు, గొంతు, గజ్జలు. రూల్స్ ఉన్నచోట మేం ఆడలేం. రూల్స్ లేనిచోట మీ బాక్సర్ రెండు సెకన్లు కూడా నిలబడడు.

పర్పుల్_బెల్ట్
వచ్చాడండీ.

1994 డిసెంబర్, యూఎఫ్‌సీ 4. కీత్ హాక్నీ జో సన్ అనే అతన్ని గజ్జల్లో వరసపెట్టి గుద్దాడు. ఒకటీ రెండూ కాదు. అప్పట్లో అది రూల్స్‌లోనే ఉంది, యూట్యూబ్‌లో ఇప్పటికీ ఉంది, చూసుకోండి. అన్ని దెబ్బలకూ అతను వెంటనే కూలిపోలేదు. చివరికి మెడ పట్టుకున్నాకే అయిపోయింది. కంట్లో పొడవాలన్నా ముందు చెయ్యి కంటిదాకా వెళ్లాలి కదా. జాబ్ (ముందు చేత్తో వేసే సూటి గుద్దు) కూడా తగిలించలేనివాడు వేలు ఎలా తగిలిస్తాడు? మీ సిఫు చేసే ప్రాణాంతక టెక్నిక్‌ను మీద కూర్చున్న రెజ్లర్ కూడా చెయ్యగలడు, అదీ ఇంకా హాయిగా.

డ్రాగన్_99
అందుకే మీకు అంతర్గత శక్తి గురించి తెలియదు.

టోక్యో_గుర్తుందా
2017లో చైనాలో షూ షియాదోంగ్ అనే ఎంఎంఏ కోచ్ వే లే అనే తాయిచీ మాస్టర్‌తో తలపడ్డాడు. అర నిమిషం కూడా పట్టలేదు, మాస్టర్ నేల మీద ఉన్నాడు. అంతర్గత శక్తి ఆ రోజు సెలవులో ఉన్నట్టుంది. తమాషా ఏంటంటే తర్వాత తిట్లు, కోర్టు కేసు అన్నీ గెలిచినవాడికే వచ్చాయి.

తాలీం_భాయ్
సలాం అందరికీ. మాది పాతబస్తీ. మా ఇంట్లో నాన్న, పెదనాన్న అందరూ తాలీంలో (కుస్తీ నేర్పే చోటు) పెరిగినవాళ్లే. ఇంతసేపూ జపాన్, బ్రెజిల్ అంటున్నారు, మన ఎర్రమట్టి గోదా ఒకటుందని ఎవరికీ గుర్తు రాలేదు.

1910 సెప్టెంబర్‌లో గామా పహిల్వాన్ లండన్ వెళ్లి పోలండ్ రెజ్లర్ జ్బిస్కోతో పట్టాడు. జ్బిస్కో బరువులో చాలా పెద్దమనిషి. గామా మొదట్లోనే పడేశాడు. దాంతో అతను బోర్లా పడుకుని రెండున్నర గంటలు నేలను వదలలేదు, కుస్తీ డ్రా అన్నారు. 1928లో పటియాలాలో మళ్లీ పట్టారు. ఈసారి నిమిషం కూడా పట్టలేదు.

నా మాట ఏంటంటే, కుస్తీ పట్టినవాడి చెయ్యి మెడ మీద పడితే తెలుస్తుంది బరువంటే ఏంటో. పొద్దున్నే దండ్లు, బైఠక్‌లు, తర్వాత జోర్. ఒక పహిల్వాన్‌తో పట్టి దిగగానే ఇంకొకడు తయారుగా ఉంటాడు. అలసిపోయాక కూడా పట్టు వదలకుండా ఉండటం అక్కడే వస్తుంది. గుద్దులు తెలియవు, ఒప్పుకుంటాను. కానీ మన కొట్లాట ఎలా మొదలవుతుంది చెప్పండి. ముందు ‘ఏంది రా’, తర్వాత కాలర్. కాలర్ పట్టుకున్నాడంటే వాడు నా ఇంటికొచ్చినట్టే.

రాధిక_జూడో
కాలర్ మాట నూటికి నూరుపాళ్లు నిజం భాయ్. జూడోలో మా రోజంతా కాలర్, చొక్కా చెయ్యి పట్టుకోవడంతోనే గడుస్తుంది. జీన్స్, చొక్కా వేసుకున్నవాడు మాకు సగం యూనిఫాం వేసుకుని వచ్చినట్టే.

డాలస్_బాబాయ్
తాలీం_భాయ్ మాటకు ఇక్కడి నుంచి ఒక సాక్ష్యం. మా అబ్బాయి హైస్కూల్ రెజ్లింగ్‌లో ఉన్నాడు. నేను చెస్ క్లబ్ అంటే వాడు ఇది పట్టుకున్నాడు. సీజన్ మొదలైతే రోజూ ప్రాక్టీస్, వారాంతం వస్తే టోర్నమెంట్. యూఎఫ్‌సీలో అమెరికన్ చాంపియన్లలో రెజ్లింగ్ నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో చూడండి. కూటూర్, కోల్మన్, కెయిన్ వెలాస్కెజ్, కోర్మియర్. రాయిస్ చూపించింది నేల మీద తెలిసినవాడిదే రాజ్యమని. ఆ వెంటనే వీళ్లు వచ్చి, ఎవరు కింద పడాలో మేమే నిర్ణయిస్తాం అన్నారు. కోల్మన్ మీదెక్కి గుద్దుతూ వరసగా గెలిచాడు. 1997లో మారిస్ స్మిత్ అనే కిక్‌బాక్సర్ వచ్చి, కింద పడినా చావకుండా కాచుకోవడం, మళ్లీ లేవడం నేర్చుకుని కోల్మన్‌ను అలసిపోగొట్టి టైటిల్ తీసుకున్నాడు. ఒక స్టైల్ గెలిచింది అనుకునేలోపు మిగతావాళ్లు దాన్ని నేర్చేసుకున్నారు. కాబట్టి 1993 సాక్ష్యం 1993కే చెల్లు.

మధ్యలో అలీ సంగతి కూడా చెప్పాలి. 1976 జూన్ 26, టోక్యో బుడోకాన్. మహమ్మద్ అలీ, జపాన్ రెజ్లర్ ఆంటోనియో ఇనోకి. నిలబడి తన్నకూడదని రూలు పెడితే ఇనోకి పదిహేను రౌండ్లు దాదాపు వెల్లకిలా పడుకుని అలీ కాళ్ల మీద తన్నాడు. జనం డబ్బులు వెనక్కివ్వమని అరిచారు. డ్రా. అలీ కాళ్లు మాత్రం వాచిపోయి ఆసుపత్రి పాలయ్యాడు. చూడటానికి విసుగు పుట్టించే ఆట గానీ, ఈ థ్రెడ్‌కు పనికొచ్చే ముచ్చట.

నైట్_షిఫ్ట్
నేను హైదరాబాద్‌లో పబ్ దగ్గర బౌన్సర్‌ని. పేరు అడగకండి. వెనక్కి వెళ్లి మొత్తం చదివాను. మీరు చెప్పేవన్నీ ఒకడికి ఒకడు, ఇద్దరూ తయారుగా, గంట కొట్టాక. మాకు అలా దొరకదు.

మా దగ్గర జరిగేది ఇది. ఒకడు ఎదురుగా నిలబడి అరుస్తుంటాడు. మీరు వాణ్ణే చూస్తుంటారు. గుద్దు పక్కన నిలబడ్డ వాడి ఫ్రెండ్ నుంచి వస్తుంది. అందుకని గొడవ మొదలవగానే నేను మొదట చూసేది నోరు కాదు, చేతులు, తర్వాత పక్కన ఎంతమంది ఉన్నారని. రెండు అరచేతులూ ఛాతీ ఎత్తులో, ముందుకు, ‘అన్నా ఆగండి, మాట్లాడదాం’ అన్నట్టు పెడతాను. చూసేవాడికి బతిమాలుతున్నట్టు ఉంటుంది, చేతులు మాత్రం కాపలాలో ఉంటాయి. ఇంకా మీదకొస్తే చంకలో చెయ్యి దూర్చి, పక్కకు తిరిగి వెనక్కి చేరతాను, నడిపించుకుంటూ గేటు దాటిస్తాను. ఇది కుస్తీ నుంచే వచ్చింది. గుద్దడం నా ఉద్యోగానికే ముప్పు.

జుజిత్సు బ్రోకి ఒక్క మాట. మీరు కింద పడుకుని ఒకడి చెయ్యి లాగుతుంటే వాడి ముగ్గురు ఫ్రెండ్స్ మీ తల మీద తంతారు. నేను చూశాను. సీసా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

పర్పుల్_బెల్ట్
అది నిజమే అన్నా. కావాలని కింద పడుకోమని ఎవరూ అనట్లేదు. కానీ తోపులాటలో పడిపోవడం మన చేతుల్లో లేదు. పడ్డాక లేవడం ఎలాగో తెలిసుండాలి కదా. మా క్లాసులో కొత్తవాళ్లకు ముందు నేర్పేదే అది, ఒక చెయ్యి నేల మీద, ఒక కాలు అడ్డం పెట్టి, ముఖం కాచుకుంటూ లేవడం.

ఎముకల_వార్డు
ఆర్థోపెడిక్స్ డాక్టర్‌ని. శని, ఆదివారాల రాత్రి క్యాజువాల్టీలో మీ కొట్లాటల ఫలితాలు మా దగ్గరికే వస్తాయి.

చిటికెన వేలు మొదట్లో, అరచేతిలో ఉండే ఎముక విరిగి వస్తారు. దానికి మా పుస్తకాల్లో పేరే బాక్సర్స్ ఫ్రాక్చర్. గ్లవ్ లేకుండా, మణికట్టుకు పట్టీ లేకుండా నుదుటి మీద గుద్దితే విరిగేది నుదురు కాదు. పైన చెప్పిన మొదటి యూఎఫ్‌సీలోనే సవాట్ ఆటగాడు గోర్డో సుమో మనిషిని కొట్టి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు, పన్ను ముక్క పాదంలో ఇరుక్కుంది. పిడికిలి మీద పన్ను గీరుకున్న చిన్న గాటును ఎవరూ లెక్క చెయ్యరు. నోట్లోని క్రిములు కీలులోకి వెళ్లి రెండు రోజుల్లో చెయ్యంతా వాచి, ఆపరేషన్ దాకా వస్తుంది. గుద్దులాటలో చెయ్యి తెగితే వెంటనే చూపించుకోండి.

ఇంతకంటే నేను భయపడేది పడటాన్ని. గుద్దు తిన్నవాడు స్పృహ తప్పి చేతులు ఆనించకుండా వెనక్కి పడితే తల వెనక భాగం సిమెంటుకు కొట్టుకుంటుంది. కొందరు లేచి, బాగానే ఉన్నానని ఇంటికెళ్లి పడుకుంటారు. లోపల రక్తం గడ్డకడుతూ ఉంటుంది. తలకు దెబ్బ తగిలి వాంతి, మగత, విపరీతమైన తలనొప్పి ఉంటే పొద్దున్నదాకా ఆగకూడదు. జూడో వాళ్లను కూడా అడుగుతున్నాను, మీ విసురు చాప మీద ఒకలా, తారు రోడ్డు మీద ఒకలా ఉంటుంది. అది విద్యార్థులకు చెబుతున్నారా?

రాధిక_జూడో
చెబుతాం డాక్టర్ గారూ. పడేసేటప్పుడు చొక్కా చెయ్యి వదలకుండా పైకి లాగి పట్టడం మాకు మొదటి నుంచీ అలవాటు చేస్తారు, తల నేలకు తగలకుండా ఉండేందుకే. కోపంలో ఉన్నవాడు అది చేస్తాడా అంటే హామీ ఇవ్వలేను.

లా_పాయింట్
వకీలుగా నా వంతు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. 2024 జూలై 1 ముందు జరిగినవాటికి పాత ఐపీసీ 96 నుంచి 106. రెండింట్లోనూ సారం ఒకటే. ప్రమాదం ఉన్నంతసేపే హక్కు, అవసరమైనంత మేరకే బలం. వాడు పడిపోయాక మీరు వేసే తన్ను ఆత్మరక్షణ కాదు, కొత్త నేరం.

ఎముక విరిగినా, పన్ను ఊడినా చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం, సెక్షన్ 116 చూడండి. పన్ను ఊడటం ఎంత తేలికో ఇక్కడి బాక్సర్లకు తెలుసు. కాలేజీ కుర్రాడి మీద ఎఫ్‌ఐఆర్ పడితే పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ దగ్గర, ఉద్యోగం దగ్గర ఎంత తిరగాలో నా క్లయింట్లను అడగండి. ఇద్దరూ కొట్టుకున్నారు అంటే ఇద్దరి మీదా కేసు రాస్తారు, ఎవరు మొదలుపెట్టారో తేలేసరికి డిగ్రీ అయిపోతుంది. శ్రీ గారి తమ్ముడికి గట్టిగా పట్టుకుని ఆపే విద్య, పక్కటెముకలు విరిచే విద్యకంటే మేలు. నా స్వార్థం చూసుకుంటే మాత్రం రెండోదే నేర్పించమనాలి.

డ్రాగన్_99
కత్తితో వస్తే మీ కుస్తీ, జూడో ఏం చేస్తాయి? మా దగ్గర కత్తి లాక్కునే టెక్నిక్స్ పన్నెండు ఉన్నాయి.

నైట్_షిఫ్ట్
తమ్ముడూ, ఒక పని చెయ్యి. తెల్ల బనియన్ వేసుకో. నీ ఫ్రెండ్ చేతికి ఎర్ర స్కెచ్ పెన్ ఇవ్వు. నీకు చెప్పి, ఒక్కసారి ఆగి పొడవమని కాదు, నిజంగా పొడిచేవాడిలా గబగబా గుచ్చి వెనక్కి లాగమను. పన్నెండు టెక్నిక్స్ వాడు. తర్వాత బనియన్ ఫోటో ఇక్కడ పెట్టు.

తాలీం_భాయ్
కత్తి కనిపిస్తే పహిల్వానైనా పరుగే. మా ఉస్తాద్ చెప్పేది అదే.

మోడరేటర్
డ్రాగన్_99 గారూ, డిలీట్ చేసిన మీ పోస్టులో తిట్లున్నాయి. ఇంకోసారి అలా రాస్తే వారం బ్యాన్. బనియన్ ఫోటో అయితే పెట్టుకోవచ్చు.

ఓరుగల్లు_శ్రీ
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. నాకు అర్థమైనంతవరకు పేరు చూడకుండా క్లాసు చూడాలి. మరి వెళ్లి చూసినప్పుడు ఏం చూడాలి? నాకు ఓనమాలు తెలియవు. ఇంకో విషయం, మా వాడికి కళ్లద్దాలున్నాయి. పవర్ మైనస్ 6 దాటింది.

లెఫ్ట్_హుక్
చేర్చే ముందు ఒక సాయంత్రం మూల కూర్చుని చూస్తామని అడగండి. కుదరదంటే బయటకొచ్చేయండి. సీనియర్లు ఒకరితో ఒకరు నిజంగా తలపడుతున్నారా, లేక గాల్లోనే గుద్దుతున్నారా చూడండి. తలపడుతుంటే కోచ్ ఎక్కడున్నాడు, కొత్తవాణ్ణి చితక్కొడుతుంటే ఆపుతున్నాడా చూడండి. నాకు ఇది ముఖ్యం. రోజూ తల మీద గట్టిగా కొట్టించే జిమ్ మంచి జిమ్ కాదు. పళ్లకు గార్డు లేకుండా స్పారింగ్ (సాధన కోసం ఒకరితో ఒకరు తలపడటం) చేయిస్తే అసలొద్దు.

డోజో_మావయ్య
బెల్టు పరీక్ష ఫీజు ఎంత, ఎన్ని నెలలకొకసారి అని కూడా అడుగు బాబూ. సమ్మర్ క్యాంపులో రంగులు మార్చి పంపేవాళ్లు మా విద్యకే చెడ్డపేరు తెచ్చారు. స్కూల్ యానివర్సరీలో పెంకులు పగలగొట్టించడం, పిల్లల పొట్ట మీద నుంచి బైకులు పోనివ్వడం చూసి తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు. పెంకు తిరిగి కొట్టదు కదా. మా డోజోలో శుక్రవారం గ్లవ్స్, హెల్మెట్ పెట్టి నిజం కుమితే ఉంటుంది. ఆ రోజు హాజరు సగమే ఉంటుందనుకో, అది వేరే బాధ.

ఎముకల_వార్డు
శ్రీ గారూ, ఆ కళ్లద్దాల సంగతి మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. మైనస్ 6 దాటినవాళ్లకు రెటీనా (కంటి లోపలి తెర) పలచబడి ఉండే అవకాశం ఎక్కువ. ముఖం మీద పదేపదే దెబ్బలు పడితే అది ఊడే ప్రమాదం ఉంది. బాక్సింగ్, కిక్‌బాక్సింగ్ స్పారింగ్ వద్దు. జూడో అయినా ముందు కంటి డాక్టర్ దగ్గర పాప పెద్దది చేసే చుక్కలు వేయించి రెటీనా పరీక్ష చేయించి, ఆయన సరేనంటేనే చేర్చండి. కళ్ల ముందు మెరుపులు, నల్ల చుక్కలు ఉన్నట్టుండి పెరిగితే అదే రోజు వెళ్లాలి.

ఓరుగల్లు_శ్రీ
థాంక్యూ డాక్టర్ గారూ. ఇది మాకు ఎవరూ చెప్పలేదు. పరీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆయన ఓకే అంటే స్టేడియంలో జూడోకి వెళ్లి చూస్తాం. కళ్లద్దాలు తీసేసి ఆడాలా?

రాధిక_జూడో
తీసే ఆడాలి. భయమేం లేదు, మాది పట్టుకుని ఆడే ఆట. కాలర్ చేతిలోకి వచ్చాక అవతలివాడు ఎటు తూగుతున్నాడో చేతికే తెలుస్తుంది. పూర్తిగా చూపు లేనివాళ్లకు పారాలింపిక్స్‌లో జూడో ఉంది. వాళ్లు ఒకరినొకరు పట్టుకున్నాకే ఆట మొదలవుతుంది. మొదటి నెల మాత్రం వాడికి విసుగొస్తుంది. పడటం తప్ప ఇంకేమీ నేర్పరు. ముందుకు, వెనక్కి, పక్కకు, గడ్డం ఛాతీకి ఆనించి, అరచెయ్యి చాపకు చరిచి. అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అదే, బైకు మీద నుంచి పడ్డప్పుడు కూడా.

డోజో_మావయ్య
అమ్మా రాధికా, ఆ పడటం మా క్లాసులో పిల్లలకు పెట్టాలని నాకెప్పటి నుంచో ఉంది. ముందు నేను నేర్చుకోవాలి. అరవైకి దగ్గరపడ్డవాణ్ణి, నేర్పుతారా?

రాధిక_జూడో
నేర్పుతాం మావయ్య గారూ. ముందు మోకాళ్ల సంగతి, బీపీ సంగతి నిజం చెప్పండి. వెనక్కి పడటం నిలబడి చేయించం, కూర్చున్నచోటు నుంచి మొదలుపెడతాం. తెల్ల బెల్టు కట్టుకోవాలి మరి.

డోజో_మావయ్య
ఎడమ మోకాలు కొంచెం. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. తెల్ల బెల్టు ఇంట్లో ఎక్కడో ఉండాలి, వెతుకుతాను.